ఆకాశానికి కత్తెర ఎక్కడ పెట్టాలి?

వానాకాలం మొదలైందంటే చాలు, అందరి స్టేటస్‌లలోనూ మబ్బులే. నల్లటి మబ్బులు, నారింజ రంగు సాయంత్రాలు, మబ్బుల సందుల్లోంచి దిగే వెలుగు చారలు. నేనూ పెడతాను. మాది రాజమండ్రి. మా ఊరు గోదావరికి తూర్పు గట్టున ఉంది కాబట్టి సూర్యుడు రోజూ నదికి అవతల, కొవ్వూరు వైపు దిగుతాడు. ఆకాశమూ నీళ్ళూ కలిపి ప్రతి సాయంత్రం మాకు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయన్నమాట. ఇంత దొరికినా, తీసిన ఫోటోల్లో చాలావాటిని ఒకసారి చూసి పక్కకు తోసేస్తాం. కొన్నింటిని మాత్రం ఏళ్ళ తరబడి దాచుకుంటాం. ఆ తేడా ఫోను ఖరీదు వల్ల రాదని నా అభిప్రాయం. ఫ్రేములో ఏది ఉంచాం, ఏది కత్తిరించాం, ఎందుకు కత్తిరించాం అనే మూడు సంగతుల్లోనే అంతా ఉంది.

ఈ విషయంలో మా ఇంట్లో రెండు పార్టీలున్నాయి. మావారిది "తీసింది తీసినట్టే ఉండాలి" పార్టీ. ఫోటోకి కత్తెర పెట్టడం అంటే అబద్ధం ఆడడమేనని ఆయన లెక్క. మా అమ్మాయిది రెండో పార్టీ. దానికి ఫోటో అంటే పచ్చి సరుకు. కరెంటు తీగలు తీసేస్తుంది, వాటర్ ట్యాంకు తీసేస్తుంది, ఆకాశం నచ్చకపోతే ఏకంగా ఆకాశాన్నే మార్చేస్తుంది. నేను ఇద్దరితోనూ పేచీ పెట్టుకుంటూ ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

నా మాట మన వంటింటి భాషలో చెబుతాను. బియ్యంలో రాళ్ళు ఏరితే దాన్ని కల్తీ అని ఎవరూ అనరు. అవే బియ్యంలో వేరే బియ్యం కలిపి "మా పొలంలోవే" అంటే మాత్రం అంటారు. ఉన్నదాంట్లోంచి అక్కర్లేనిది తీసెయ్యడం ఏరడం. లేనిది తెచ్చి అతకడం కల్తీ. ఫోటోలకీ ఇదే కొలత సరిపోతుంది. అయితే ఏరేటప్పుడు రాళ్ళతో పాటు గింజలు కూడా పారబోసేవాళ్ళుంటారు చూడండి, అసలు బాధ అక్కడ.

ముందు మావారి పార్టీకి జవాబు. ఫోను పైకెత్తి ఒక వైపు గురి పెట్టామంటేనే మిగిలిన మూడు దిక్కులనీ కత్తిరించినట్టు. రెండు వేళ్ళతో తెరని సాగదీసి దగ్గరకు లాక్కుంటాం కదా, మామూలు ఫోన్లలో అది చాలావరకు కత్తిరించడమే. ఫోను ఫోటో మధ్య ముక్కని తీసి పెద్దది చేసి చూపిస్తుంది, అంతే. ఆ కత్తిరింపేదో తొందరలో కాక తరువాత తీరిగ్గా, కుర్చీలో కూర్చుని చేసుకోవడం మేలు కదా? అందుకే నేను తీసేటప్పుడు కాస్త వెడల్పుగానే తీస్తాను. మామిడికాయ పచ్చడికి ముక్కలు పెద్దవిగా కొట్టుకుంటే తరువాత చిన్నవి చేసుకోవచ్చు, చిన్నవాటిని పెద్దవి చెయ్యలేం.

ఇంకో సంగతి. మనం కత్తిరించకపోయినా వేరేవాళ్ళు కత్తిరిస్తూనే ఉంటారు. ఫోనులో ఫోటో సాధారణంగా నాలుగుకి మూడు కొలతలో వస్తుంది. స్టూడియోలో ఇచ్చే మామూలు ప్రింటు ఆరంగుళాలకి నాలుగు. రెండింటి ఆకారం ఒకటి కాదు. నిండుగా ప్రింటు వెయ్యాలంటే పైనా కిందా కలిపి ఎత్తులో తొమ్మిదో వంతు పోతుంది. టీవీ ఆకారానికి, అంటే పదహారుకి తొమ్మిదికి మారిస్తే నాలుగో వంతు పోతుంది. ఏ మబ్బు కొస తెగాలో, ఏ పడవ సగానికి పోవాలో స్టూడియోలో మిషను దగ్గర కూర్చున్న కుర్రాడు తేలుస్తాడన్నమాట. ఆ పనేదో మనమే చేసి ఇవ్వడం మంచిది. "కత్తిరించకూడదు" అనేవాళ్ళు నిజానికి కత్తెరని పరాయివాళ్ళ చేతికి ఇస్తున్నారు.

ఇక ఎక్కడ కత్తిరించాలి అనే ప్రశ్న. ఆకాశం ఫోటోకి మొదటి మాట, నేల గీత మధ్యలో పడకూడదు. మధ్యలో పడితే సగం ఆకాశం, సగం నేల. చూసేవాళ్ళకి దేన్ని చూడాలో తెలియదు. 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు ప్రకృతి చిత్రాల గురించి ఒక పుస్తకం రాశాడు. బొమ్మలో ఆకాశానికి మూడింట రెండు వంతులు ఇవ్వాలన్నాడు, సగం సగం కన్నా అలా పంచడమే మేలన్నాడు. "మూడు భాగాల సూత్రం" అని ఇప్పుడు అందరూ చెప్పేదానికి పేరు ఆయన పెట్టిందే. ఫోను కెమెరా సెట్టింగుల్లో గ్రిడ్ అని ఉంటుంది, పెట్టుకుంటే తెర మీద గళ్ళు వస్తాయి. మబ్బులు బాగున్న రోజు నేల గీతని కింది గడికి దించండి. ఆకాశం వట్టి నీలంగా ఉండి గట్టు మీద సందడి బాగుంటే పై గడికి ఎక్కించండి. ఆ గళ్ళు ఉంటే గోదావరి ఒక పక్కకి ఒరిగి ఒలికిపోతున్నట్టు కూడా రాదు. మిగతా ఫోటోల్లో వంకర కాస్త చెల్లుతుందేమో కానీ, నీళ్ళున్న ఫోటోలో అస్సలు చెల్లదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. నీళ్ళు అద్దంలా ఉంటే గీత మధ్యలో పెట్టొచ్చు. ఆషాఢ శ్రావణాల్లో మా గోదావరి ఎర్రటి వరద నీటితో పరుగెడుతూ ఉంటుంది, అందులో ఆకాశం నీడ సరిగ్గా నిలవదు. కార్తీకం వచ్చేసరికి నీళ్ళు తేరుకుంటాయి. గాలి లేని పొద్దున పైనున్న మబ్బు కిందా కనిపిస్తుంది. అప్పుడు సగం సగం పెడితేనే అందం. సూత్రం తెలిసుంటే ఎప్పుడు పక్కన పెట్టాలో కూడా తెలుస్తుంది. ఛందస్సు చదువుకున్న రోజుల్లో మా మేష్టారు యతి గురించి ఇలాగే చెప్పేవారు.

రెండో మాట వెలుతురు గురించి. ఆకాశానికీ నేలకీ వెలుగులో బోలెడు తేడా ఉంటుంది. ఫోను నేల కోసం సర్దుకుంటే మబ్బులు తెల్లగా వెలిసిపోయిన గుడ్డలా వస్తాయి. తెర మీద మబ్బు ఉన్న చోట వేలితో ఒకసారి తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందకి జరపండి. ఆకాశంలో మడతలన్నీ కనిపిస్తాయి. నేల నల్లబడుతుంది, పడనివ్వండి. నల్లబడిన కొంతని తరువాత వెనక్కి తేవచ్చు. వెలిసిపోయిన మబ్బుని తేలేం. ఎసట్లో ఉప్పు తక్కువైతే వేసుకోవచ్చు, ఎక్కువైతే ఏం చేస్తాం?

మూడో మాట అంచుల గురించి. కత్తిరించేటప్పుడు అందరం మధ్యలోకే చూస్తాం. నేను నాలుగు అంచులూ ఒక చుట్టు చూస్తాను, చీర కొనేటప్పుడు బార్డరు చూసినట్టు. అంచున సగం తెగిన కొబ్బరి మట్ట, ఎవరిదో మోచెయ్యి, సగం అక్షరాలున్న బోర్డు ఉంటే కన్ను అక్కడికే పోతుంది. అవి నిజంగా రాళ్ళే, తీసెయ్యాలి. అలా తీసేస్తే ఫోటో నాణ్యత పోతుందని భయం అక్కర్లేదు. పన్నెండు మెగాపిక్సెళ్ళ ఫోటో అంటే సుమారు నాలుగు వేలకి మూడు వేల చుక్కలు. అటు సగం, ఇటు సగం కోసేసి నాలుగో వంతే ఉంచుకున్నా రెండు వేలకి పదిహేను వందలు మిగులుతాయి. ఆరుకి నాలుగు ప్రింటు బాగా రావడానికి పద్దెనిమిది వందలకి పన్నెండు వందలు చాలు. గోడకి పెద్దగా కట్టించుకోవాలంటే మాత్రం అంత కోత పనికిరాదు. ఏదైనా సరే, అసలు ఫోటోని అలాగే ఉంచి కాపీ మీద కత్తిరించుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది, ప్రింటుకి పంపేది డాక్యుమెంటుగా పంపండి.

ఇంతవరకూ అందరూ ఒప్పుకునేదే. ఇప్పుడు గింజలు పారబోసే సంగతికి వస్తాను.

పోయిన మే నెలలో ఒక సాయంత్రం మా డాబా మీద తీసిన ఫోటో ఒకటుంది. పడమటి నుంచి గాలివాన మబ్బు లేచింది. కింద నీలం, పైన నల్లటి ముద్ద, మధ్యలో ఇత్తడి చెంబు తోమినట్టు పచ్చటి వెలుగు. ఫోటోలో మూడు వంతులు అదే. కింద ఎడమ మూల మా అత్తయ్య. చాప మీద ఎండబెట్టిన గుమ్మడి వడియాలని కొంగులోకి ఎత్తుకుంటూ వంగి ఉంది. గాలికి చీర చెంగు ఎగిరి బట్టల తాడుకి చుట్టుకుంది. పక్కన నల్ల సింటెక్స్ ట్యాంకు.

మా అమ్మాయి దాన్ని చూసి "అబ్బ, స్కై సూపరమ్మా" అని తీసుకుపోయింది. ఐదు నిమిషాల్లో ట్యాంకు పోయింది, తాడు పోయింది, మామ్మ పోయింది. వట్టి మబ్బు మిగిలింది. స్టేటస్‌గా పెడితే స్నేహితులందరూ మంటల బొమ్మలు పంపారట. రాత్రి అన్నాల దగ్గర దాని ఫోను మా అత్తయ్యకి చూపించింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "ఆ మబ్బుని చూసి పరిగెత్తింది నేను కదే. నేనేదీ ఇందులో?" అంది.

"మామ్మా, నువ్వుంటే డిస్టర్బెన్స్" అంది ఇది.

"వడియాలు తినేటప్పుడు డిస్టర్బెన్స్ లేదు కాబోలు" అంది ఆవిడ. మావారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆవిడ అడిగిన దాంట్లో ఫోటోగ్రఫీ పాఠం మొత్తం ఉంది.

రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూడండి. వట్టి మబ్బు ఉన్నదాంట్లో ఆ మబ్బు ఎంత పెద్దదో తెలియదు. కొలవడానికి పక్కన ఏదీ లేదు. అత్తయ్య ఉన్న ఫోటోలో ఆవిడ బొటనవేలంత ఉంది, ఆవిడ నెత్తి మీద ఆకాశం కొండలా ఉంది. దాని బరువు తెలిసేది ఆవిడ వంగిన నడుము వల్ల. గాలి ఉందని తెలిసేది ఎగిరే చెంగు వల్ల. రెండు నిమిషాల్లో వాన పడుతుందని తెలిసేది ఆవిడ తొందర వల్ల. ఆవిడని తీసేస్తే భయం పోయింది, గాలి పోయింది, వాన కూడా పోయింది. రంగులు మిగిలాయి.

పెద్ద పెద్ద ఫోటోగ్రాఫర్లకీ ఇది తెలుసు. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ 1941లో తీసిన ఒక ఫోటో చాలా ప్రసిద్ధం. హెర్నాండెజ్ అనే చిన్న ఊరి మీద చంద్రోదయం. సగానికి పైగా నల్లటి ఆకాశమే, అందులో చిన్న చంద్రుడు. ప్రింటు వేసేటప్పుడు ఆయన ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ఆకాశాన్ని ఇంకా నల్లగా చేస్తూ వచ్చాడు. అయినా కింద ఉన్న చర్చినీ, ఇళ్ళనీ, సమాధుల మీద తెల్లటి శిలువలనీ తీసెయ్యలేదు. అవి లేకపోతే ఆ ఆకాశం ఎవరి మీద ఉన్నట్టు?

వట్టి మబ్బు ఫోటో తియ్యకూడదని నేననడం లేదు. ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ అనే ఆయన 1922 నుంచి ఏళ్ళ తరబడి మబ్బుల్నే తీశాడు, రెండు వందలకు పైగా. చాలావాటిలో నేల అసలు కనిపించదు. ఏది పైనో ఏది కిందో కూడా తెలియదు. వాటిని తన మనసులోని భావాలకు సమానాలు అన్నాడు. మబ్బే చాలు అనుకుని తల పైకెత్తి తీసినవి అవి. మామ్మ అడ్డమని తీసేసినవి కావు. నాకు కావలసింది ఆ కారణమే. మన ఇళ్ళల్లో ఆకాశం ఫోటోలోంచి ముందు ఎగిరిపోయేవి ఏవో చూడండి. బట్టల తాడు, ఒడియాల చాప, చీపురు, పాచి పట్టిన పిట్టగోడ, నైటీలో ఉన్న ఆడమనిషి. ఇవి అందంగా లేవని కాదు, మన ఇల్లు ఎలాంటిదో బయటికి తెలిసిపోతుందని మనం కత్తిరిస్తాం. సిగ్గుతో పెట్టిన కత్తెర సరిగ్గా కొయ్యదు. తాడు అడ్డంగా మబ్బు మొహం మీద పడితే తియ్యండి, లేదా రెండడుగులు పక్కకి జరిగి తియ్యండి. మూలన ఉండి పాపం ఏ హానీ చెయ్యకపోతే ఉంచండి. పదేళ్ళ తరువాత ఆ మబ్బుని ఎవరూ గుర్తుపట్టరు. ఆ తాడునీ, దాని మీది తువ్వాలునీ గుర్తుపడతారు.

ఇక ఆకాశం మార్చేసే సంగతి. 2020లో ఫోటోషాప్‌లో ఒక్క నొక్కుతో ఆకాశాన్ని మార్చే సదుపాయం వచ్చింది. ఇప్పుడు ఫోన్లలోనే చాలా యాప్‌లలో ఉంది. మా అమ్మాయి నాతో వాదించడానికి చరిత్ర కూడా తవ్వి తెచ్చింది. 1850లలోనే ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే అనే ఆయన సముద్రానికి ఒక నెగెటివ్, మబ్బులకి ఇంకో నెగెటివ్ తీసి ఒకే ప్రింటులో కలిపేవాడట. ఒకే మబ్బుల్ని వేరే వేరే సముద్రాల మీద కూడా వాడాడట. "చూశావా, ఆయన చేస్తే కళ, నేను చేస్తే కల్తీనా?" అంది.

మంచి ప్రశ్న. ఆ రోజుల్లో వాడే ప్లేట్లకి నీలం రంగు మీద మక్కువ ఎక్కువ. సముద్రం సరిగ్గా వచ్చేంతసేపు ఉంచితే ఆకాశం తెల్లగా మాడిపోయేది. కళ్ళకి కనిపించిన దానికి దగ్గరగా తేవడానికి ఆయనకి వేరే దారి లేదు. ఇప్పుడు మన ఫోను అదే పని మనకి తెలియకుండానే చేస్తోంది, ఒకే క్షణంలో ఎక్కువ వెలుగుతో, తక్కువ వెలుగుతో నాలుగైదు తీసి కలిపేస్తోంది. దాంతో నాకు పేచీ లేదు, అవన్నీ ఆ ఆకాశానివే. లె గ్రే ఒకే మబ్బుని వేరే వేరే సముద్రాల మీద పెట్టడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. కాకపోతే ఆయన ఎగ్జిబిషనుకి బొమ్మ చేస్తున్నాడు. మనం మన ఇంటి ఆల్బమ్ చేసుకుంటున్నాం. ఆల్బమ్‌లో ఫలానా రోజు అని రాసుకుని, ఆ రోజు లేని ఆకాశం పెట్టుకుంటే, ఎవరిని నమ్మించడానికి? పైగా యాప్ ఇచ్చే సాయంత్రాలన్నీ ఒకేలా ఉంటాయి. ఊదా, నారింజ, మళ్ళీ ఊదా. ఎర్ర గోదావరి మీద ఆ ఊదా ఆకాశం ఎంత అతకదో మా ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆకాశం ఏ రంగులో ఉంటే నీళ్ళకీ, ఇసుకకీ, మనిషి మొహానికీ ఆ రంగే అంటుతుంది. ఆకాశాన్ని మార్చినా మొహాల మీది వెలుగు పాతదే.

మన భాషలో ఒక్క ఆకాశానికి ఎన్ని మాటలున్నాయో చూడండి. మబ్బు, మొయిలు, కారుమబ్బు, ముసురు, సంజ కెంజాయ. తెలంగాణలో మొగులు అంటారు. లండన్‌లో ల్యూక్ హోవార్డ్ అనే మందుల వ్యాపారి 1802లో మబ్బులకి లాటిన్ పేర్లు పెట్టకముందు నుంచీ మనవాళ్ళు మబ్బుని చూసి గుడ్డలు తియ్యాలా, వరి ఆరబొయ్యాలా అని తేల్చుకునేవాళ్ళు. ముసురు వేరు, గాలివాన వేరు అని తెలిసిన మనం ఆ రెండింటి మీదా ఒకే యాప్ ఆకాశం వేసుకోవడం నాకు చిన్నతనంగా తోస్తుంది.

చివరిగా ఒక మాట, ఇది ఫోటోల గురించి కూడా, మన గురించి కూడా. ఆకాశం బాగుండే వేళ ఏది? సూర్యుడు దిగడానికి ముందు కాసేపు, దిగాక ఇంకో పావుగంట. దిగిపోగానే అందరూ ఫోను జేబులో పెట్టుకుని వెళ్ళిపోతారు కానీ, చాలా రోజులు అసలు రంగు ఆ తరువాతే వస్తుంది. మా ఊళ్ళో ఆషాఢంలో అది ఆరున్నర దాటాక, మార్గశిరంలో ఐదున్నరకే. వాన వెలిసి ఎండ వచ్చిన సాయంత్రం అయితే నదికి వీపు పెట్టి తూర్పుకి తిరగండి, హరివిల్లు ఎప్పుడూ సూర్యుడికి ఎదురుగానే ఉంటుంది. ఆ వేళే దీపం పెట్టాలి, ఆ వేళే టీ పెట్టాలి, ఆ వేళే పిల్లలు ట్యూషన్ నుంచి వస్తారు, ఆ వేళే రాత్రికి ఏం వండాలని అడుగుతారు. రోజంతటిలో ఆకాశానికి ఉన్న ఒక్క మంచి పావుగంటా ఇల్లాలికి తీరని పావుగంట. మన ఫోన్లలో సాయంత్రాలు వంటింటి కిటికీ ఊచల్లోంచి తీసినవే ఎక్కువ ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసిందా?

అందుకని వారానికి ఒక్క రోజైనా ఆ పావుగంట అడిగి తీసుకోండి. బతిమాలకండి, చెప్పండి చాలు. మా ఇంట్లో శుక్రవారం తప్ప మిగిలిన రోజుల్లో ఏదో ఒక సాయంత్రం టీ మావారు పెడతారు. పంచదార ఎక్కువవుతుంది, తాగుతున్నాం. మా అమ్మాయి ఇప్పటికీ ఆకాశాలు మారుస్తూనే ఉంది, దాని ఫోను దాని ఇష్టం. వడియాల ఫోటో మాత్రం ఆరుకి నాలుగు ప్రింటు వేయించి మా అత్తయ్య మంచం పక్కన పెట్టాను, ట్యాంకుతో సహా. వచ్చినవాళ్ళకి ఆవిడ చూపించేది మబ్బుని కాదు. "ఆ రోజు ఒక్క వడియం కూడా తడవనివ్వలేదు" అని చెబుతుంది.